బదిలీ కాగితం

1976 మే 27న ఢిల్లీ నుంచి ఒక ఉత్తర్వు వెలువడింది. గుజరాత్ హైకోర్టు న్యాయమూర్తి సంకల్‌చంద్ హిమత్‌లాల్ సేఠ్‌ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ చేస్తూ రాష్ట్రపతి పేరిట జారీ అయిన ప్రకటన అది. బదిలీకి ఆయన సమ్మతిని ఎవరూ అడగలేదు. ఎందుకు పంపుతున్నారో చెప్పనూ లేదు. అప్పటికి జబల్‌పూర్ కేసు తీర్పు వచ్చి నెల తిరగలేదు. ఎమర్జెన్సీ కొనసాగుతున్నంత కాలం నిర్బంధితుడు తన విడుదల కోసం కోర్టు తలుపు తట్టజాలడని ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురి మెజారిటీతో తేల్చింది. అంతకుముందు తొమ్మిది హైకోర్టులు అందుకు విరుద్ధంగా, పౌరుడి పక్షాన నిలబడ్డాయి. సుప్రీంకోర్టులో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఆ హైకోర్టుల సరసన నిలిచారు.

సేఠ్ ఉత్తర్వును ధిక్కరించలేదు. హైదరాబాద్ వచ్చి బాధ్యతలు స్వీకరించారు. అయితే స్వీకరించే ముందే తాను పనిచేస్తున్న గుజరాత్ హైకోర్టులోనే రిట్ పిటిషన్ దాఖలు చేశారు. అందులో మొదటి ప్రతివాది భారత ప్రభుత్వం. రెండవ ప్రతివాది సాక్షాత్తూ భారత ప్రధాన న్యాయమూర్తి. పౌరుల ప్రాణహక్కే కోర్టు గడప దాటి లోపలికి రాలేని రోజుల్లో ఒక న్యాయమూర్తి తన కొలువుకు సంబంధించిన తగవును పట్టుకుని కోర్టుకెక్కడం పైచూపుకు స్వార్థంలా కనిపించవచ్చు. కాని ఆ తగవులో ఉన్నది ఒక ఉద్యోగి సాధకబాధకాలు కావు. న్యాయమూర్తి స్వాతంత్ర్యం ఏ పగులు గుండా కారిపోతుందో చూపించిన వ్యాజ్యం అది.

ఆ ఏడాది బదిలీ అయినది సేఠ్ ఒక్కరే కాదు. మొత్తం 16 మంది హైకోర్టు న్యాయమూర్తులను వారి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా రాష్ట్రాలు దాటించారు. ఈ కదలికలలో హైదరాబాద్‌కు పెద్ద వాటానే దక్కింది. గుజరాత్ ప్రధాన న్యాయమూర్తి బి.జె. దివాన్ ఆంధ్రప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తిగా వచ్చారు. ఇక్కడి ప్రధాన న్యాయమూర్తి ఎస్. ఓబుల్ రెడ్డి అహ్మదాబాద్ వెళ్లారు. బొంబాయి నుంచి జస్టిస్ విమదలాల్ వచ్చారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఉన్న జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి చండీగఢ్ వెళ్లారు. పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ నిర్బంధం చెల్లదని చెప్పిన ఢిల్లీ హైకోర్టు ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులున్నారు. వారిలో జస్టిస్ రంగరాజన్‌ను గౌహతికి పంపారు. అదనపు న్యాయమూర్తి ఆర్.ఎన్. అగర్వాల్‌ను తిరిగి సెషన్స్ జడ్జి పదవికి దించారు. ఈ జాబితాను పక్కన పెట్టుకుని చూస్తే ఎవరికీ వ్యాఖ్యానం అవసరం లేదు. మిగిలిన హైకోర్టు న్యాయమూర్తులకు అసలే అవసరం లేదు. బదిలీ గుణం అదే: పదహారు మందిని కదిపితే వందల మంది సర్దుకుని కూర్చుంటారు.

శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖల మధ్య అధికార విభజన అనగానే మన చర్చ కేశవానంద భారతి దగ్గర మొదలై రాజ్యాంగ మౌలిక స్వరూపం దగ్గర ఆగుతుంది. పార్లమెంటు ఎంతవరకు సవరించగలదు, కోర్టు ఎంతవరకు కొట్టివేయగలదు, చివరి మాట ఎవరిది... ఇవి గొప్ప ప్రశ్నలే. కాని కోర్టు హాలులో కూర్చునే మనిషికి ఎదురయ్యే ప్రశ్న వేరు. రేపు తాను ఏ ఊళ్లో ఉంటాడు? తన సీనియారిటీ ఏమవుతుంది? పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రుల వైద్యం ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకు జవాబు ప్రభుత్వం దగ్గర ఉన్నంత కాలం, ప్రభుత్వం ఓడిపోవలసిన కేసులో తీర్పు రాస్తున్న కలం ఒక్క క్షణం తటపటాయిస్తుంది. తటపటాయించని మహానుభావులు ఉంటారు. వ్యవస్థను మహానుభావుల లెక్కన కట్టకూడదు.

రాజ్యాంగ నిర్మాతలకు ఈ సంగతి తెలియదని అనలేం. బ్రిటిష్ కాలంలో జిల్లా కలెక్టరే మెజిస్ట్రేటు కూడా. పోలీసులు పట్టుకొచ్చిన మనిషిని పోలీసులపై అజమాయిషీ ఉన్న అధికారే విచారించేవాడు. ఆ రెంటినీ విడదీయాలన్నది కాంగ్రెస్ తొలి సభల నాటి నుంచీ ఉన్న కోరిక. అదే 50వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లో చేరింది. దేశమంతటా అది ఒక తీరుకు రావడానికి మాత్రం 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమలులోకి వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. కింది కోర్టుల విషయంలో 235వ అధికరణం మరీ సూటిగా మాట్లాడుతుంది. పోస్టింగు, పదోన్నతి, సెలవు, అన్నీ హైకోర్టు చేతిలోనే ఉండాలంటుంది. మున్సిఫ్ సెలవు చీటీ కూడా కలెక్టర్ కచేరీకి వెళ్లకూడదని అంత పట్టింపుగా రాసిన వారే, హైకోర్టు న్యాయమూర్తి బదిలీ దగ్గరికి వచ్చేసరికి 222వ అధికరణంలో క్లుప్తంగా ముగించారు. భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించిన మీదట రాష్ట్రపతి ఒక హైకోర్టు నుంచి మరో హైకోర్టుకు న్యాయమూర్తిని బదిలీ చేయవచ్చు. కారణం చెప్పాలన్న మాట లేదు. సమ్మతి మాట లేదు.

న్యాయమూర్తిని తొలగించడం ఎంత కష్టమో దీని పక్కన పెట్టి చూడాలి. నోటీసు ఇవ్వడానికే లోక్‌సభలో 100 మంది, లేదా రాజ్యసభలో 50 మంది సంతకాలు కావాలి. తర్వాత విచారణ సంఘం. ఆపైన ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు. 1993లో జస్టిస్ వి. రామస్వామిపై ఆరోపణలు నిజమేనని విచారణ సంఘం చెప్పిన తర్వాత కూడా, పాలకపక్షం ఓటింగుకు దూరంగా ఉండటంతో తీర్మానం లోక్‌సభలో వీగిపోయింది. ఇంత గట్టి సింహద్వారం కట్టి, దానికి ఇన్ని గడియలు బిగించి, ఇంటి వెనక దిడ్డివాకిలి మాత్రం ఓరగా వదిలేసినట్లు ఉంది 222వ అధికరణం. గిట్టని ఉద్యోగిని శంకరగిరి మాన్యాలు పట్టించడం తెలుగునాట ఏ శాఖలోనైనా తెలిసిన విద్యే. దానికి తొలగింపు అక్కరలేదు, ఆరోపణ అక్కరలేదు, సంజాయిషీ అసలే అక్కరలేదు. మరో ఊళ్లో అదే జీతం, అదే హోదా. చట్టం దృష్టిలో ఏ శిక్షా పడలేదు.

చట్టం దృష్టిలోనైనా ఇందులో ఒక విచిత్రం ఉంది. 217వ అధికరణం ప్రకారం ఒక న్యాయమూర్తి వేరే హైకోర్టుకు బదిలీ అయితే పాత పదవి ఖాళీ అయినట్లే. కొత్త చోట ఆయన మళ్లీ ప్రమాణం చేయాలి. అంటే ఇది ఒకే కొలువులో కుర్చీ మారడం కాదు, ఒక రాజ్యాంగ పదవి పోయి మరొకటి రావడం. ఐ.ఎ.ఎస్. అధికారికి ఉన్నట్లు హైకోర్టు న్యాయమూర్తులకు అఖిల భారత సర్వీసు ఏదీ లేదు. ప్రతి హైకోర్టూ వేరే రాజ్యాంగ సంస్థ. ఒకదానికి నియమితుడై, ఒకదానిలో ప్రమాణం చేసిన వ్యక్తిని అడగకుండా మరొకదానిలో నియమించవచ్చా అన్నది సేఠ్ పిటిషన్‌లోని అసలు ప్రశ్న. 1963లో, న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచిన 15వ సవరణ సందర్భంగా, సమ్మతి లేకుండా బదిలీలు చేయబోమని న్యాయశాఖ మంత్రి అశోక్ సేన్ పార్లమెంటులో ఇచ్చిన హామీని కూడా సేఠ్ ముందుకు తెచ్చారు. 1976 వరకు జరిగిన బదిలీలు ఆ మాటకు లోబడే జరిగాయి.

గుజరాత్ హైకోర్టు ముగ్గురు సభ్యుల ధర్మాసనం ఎమర్జెన్సీ నడుస్తుండగానే ఆ ఉత్తర్వును కొట్టివేసింది. భారత ప్రధాన న్యాయమూర్తితో జరగవలసిన సంప్రదింపు సార్థకంగా జరగలేదన్నది అందుకు ఆధారం. సహచరులు అప్పుడే చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయిన హైకోర్టు నుంచి, రేపు తమ పేర్లూ జాబితాకు ఎక్కవచ్చునని ఎరిగిన ముగ్గురు ఆ తీర్పు రాశారు. ఎమర్జెన్సీ ధైర్యసాహసాల గురించి చెప్పుకునేటప్పుడు ఖన్నా పేరు న్యాయంగానే ముందు వస్తుంది. అహ్మదాబాద్ వారి పేర్లు ఎవరికీ గుర్తుకు రావు.

కేంద్రం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. ఆ అప్పీలు విచారణకు వచ్చేసరికి దేశమే మారిపోయింది. 1977 మార్చిలో ఇందిరా గాంధీ ఓడిపోయారు, జనతా ప్రభుత్వం వచ్చింది. సేఠ్ బదిలీకి తగిన కారణం కనిపించడం లేదని, ఆయనను తిరిగి గుజరాత్‌కు పంపదలచామని కొత్త ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. సేఠ్ తరఫున వాదించిన హెచ్.ఎం. సీర్వాయి, ప్రభుత్వం, ఇరువురూ దారికి వచ్చినట్లే. కేసు అక్కడితో ముగిసిపోవచ్చు. అయినా అయిదుగురు న్యాయమూర్తులు 1977 సెప్టెంబరు 19న సుదీర్ఘమైన అభిప్రాయాలు వెలువరించారు. జస్టిస్ వై.వి. చంద్రచూడ్, జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ ఫజల్ అలీ బదిలీకి సమ్మతి అక్కరలేదన్నారు. జస్టిస్ భగవతి, జస్టిస్ ఉంట్వాలియా సమ్మతి ఉండి తీరాలన్నారు. ప్రజాహితం కోసం మాత్రమే బదిలీ చేయాలని, శిక్షగా చేయరాదని, ప్రధాన న్యాయమూర్తి ముందు సమస్త వివరాలూ పెట్టి సంప్రదించాలని, అది మొక్కుబడి తంతు కారాదని మెజారిటీ కూడా గట్టిగానే చెప్పింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ ధర్మాసనంలోని చంద్రచూడ్, భగవతి ఇద్దరూ ఏడాదిన్నర కిందట జబల్‌పూర్ కేసులో ప్రభుత్వం పక్షాన ఉన్న నలుగురిలో వారే. పౌరుడి స్వేచ్ఛ దగ్గర ఇద్దరిదీ ఒకే మాట. న్యాయమూర్తి బదిలీ దగ్గర ఇద్దరివీ రెండు మాటలు. భగవతి వైఖరిని ఎవరైనా స్వజనపక్షపాతం అనవచ్చు. అంతకన్నా నిజమైన వివరణ, బదిలీ దెబ్బ ఎక్కడ తగులుతుందో ఆ వృత్తిలో ఉన్నవారికి అనుభవంలోంచి తెలుస్తుందన్నది. చంద్రచూడ్ వాదం తర్కానికి నిలుస్తుంది: రాజ్యాంగంలో లేని మాటను కోర్టు చేర్చరాదు, సమ్మతి తప్పనిసరి చేస్తే నిజంగా కదపవలసిన వారినీ కదపలేం. కాని "సార్థకమైన సంప్రదింపు" అనే రక్షణ మొత్తం ఒకే మనిషి వెన్నెముక మీద ఆధారపడి ఉంది. సంప్రదింపు జరిగింది 1976లోనూ. సంప్రదించిన ప్రధాన న్యాయమూర్తి, ముగ్గురు సీనియర్లను దాటించి 1973లో ప్రభుత్వం ఆ పదవిలో కూర్చోబెట్టిన ఎ.ఎన్. రే.

సేఠ్ గుజరాత్ చేరారు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఆయనకు వ్యతిరేకంగా తేలింది, ఆ జవాబే నేటికీ చట్టం.

సమ్మతి అనే మాట ఆ తర్వాత ఎలా తలకిందులైందో 1981లో కనిపించింది. కేంద్ర న్యాయశాఖ మంత్రి పి. శివశంకర్ తెలుగువాడు, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో కొంతకాలం న్యాయమూర్తిగా చేసినవాడు. మార్చి 18న ఆయన ముఖ్యమంత్రులకు ఒక లేఖ పంపారు. ప్రతి హైకోర్టులో మూడోవంతు న్యాయమూర్తులు బయటి రాష్ట్రాల వారై ఉండాలన్నది ఉద్దేశంగా చెప్పారు. మంచి ఉద్దేశమే. అందుకోసం అదనపు న్యాయమూర్తుల నుంచి, వేరే రాష్ట్రంలో శాశ్వత న్యాయమూర్తిగా వెళ్లడానికి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని, మూడు హైకోర్టుల పేర్లు కూడా రాయించుకోవాలని కోరారు. అదనపు న్యాయమూర్తి పదవీకాలం పరిమితం. అది పొడిగించాలా, శాశ్వతం చేయాలా అన్నది ఢిల్లీ తేల్చాలి. అటువంటి మనిషి ముందు కాగితం పెట్టి "మీకు సమ్మతమేనా?" అని అడిగితే ఆ సమ్మతికి విలువెంత? 1977లో సమ్మతి అక్కరలేదన్న ప్రభుత్వ వాదన నెగ్గింది. నాలుగేళ్లకు అదే సమ్మతిని ముందస్తుగా రాయించుకునే ఏర్పాటు వచ్చింది. ఎస్.పి. గుప్తా కేసులో ఆ ఏడాది చివర సుప్రీంకోర్టు మెజారిటీ ఆ లేఖలో తప్పు పట్టలేదు. పట్నా ప్రధాన న్యాయమూర్తి కె.బి.ఎన్. సింగ్‌ను మద్రాసుకు పంపిన ఉత్తర్వునూ నిలబెట్టింది.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసినదే. 1993లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గుప్తా తీర్పును తోసిపుచ్చి, నియామకాల్లోనూ బదిలీల్లోనూ ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానికే ప్రాధాన్యం అంది. 1998లో ఆ అభిప్రాయం నలుగురు సీనియర్లతో కలిసి ఏర్పడాలంది. అదే కొలీజియం. 2015 అక్టోబరులో జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 4:1తో కొట్టివేసింది. కలం కార్యనిర్వాహక శాఖ చేతి నుంచి న్యాయశాఖ చేతికి వచ్చింది గనుక స్వాతంత్ర్యం దక్కిందని ఆ రోజుల్లో సంబరపడ్డవారు ఎక్కువ. కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒక్కరే భిన్నాభిప్రాయం రాశారు. మరుసటి ఏడాది, సమావేశాల్లో ఎవరు ఏమన్నారో నమోదు కావడం లేదన్న కారణంతో, కొలీజియం సమావేశాలకు వెళ్లడం మానేశారు. కమిషన్ విషయంలో ఆయన తీర్పుతో ఏకీభవించని వారు కూడా ఈ రెండో మాటకు జవాబు చెప్పలేకపోయారు. ప్రభుత్వం నుంచి న్యాయవ్యవస్థ స్వతంత్రంగా ఉండటం ఒకటి. ఒక్కొక్క న్యాయమూర్తి, తనకు పైనున్న న్యాయమూర్తుల నుంచి కూడా, స్వతంత్రంగా ఉండటం మరొకటి. 1993 తీర్పు మొదటిదాన్ని సాధించే ప్రయత్నంలో రెండోదాన్ని పట్టించుకోలేదు.

2017 సెప్టెంబరులో జస్టిస్ జయంత్ పటేల్ రాజీనామా చేశారు. ఇష్రత్ జహాన్ కేసును సి.బి.ఐ.కి అప్పగించిన గుజరాత్ హైకోర్టు ధర్మాసనంలో ఆయన ఉన్నారు. కర్ణాటకలో తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి కాగల సమయానికి అలహాబాద్‌కు బదిలీ చేశారు. దానిపై న్యాయవాదులు ఆందోళనకు దిగిన కొద్ది రోజులకే కొలీజియం తన తీర్మానాలను వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలుపెట్టింది. బదిలీ తీర్మానాల్లో కనిపించేది దాదాపు ఒకే వాక్యం: మెరుగైన న్యాయపాలన ప్రయోజనం కోసం. ఒక న్యాయమూర్తి అహ్మదాబాద్‌లో ఉంటే చెడి, పట్నాలో ఉంటే మెరుగుపడే ఆ న్యాయపాలన ఏమిటో వాక్యం చెప్పదు. తానే ఇచ్చే తీర్పుల్లో, కారణం చెప్పని పరిపాలనా ఉత్తర్వు చెల్లదని దేశంలోని ప్రతి తాసీల్దారుకూ బోధించే సంస్థ ఇది.

2019లో 75 మంది న్యాయమూర్తుల పదవులు మంజూరైన మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి విజయా తహిల్‌రమణిని నాలుగు పదవులున్న మేఘాలయకు పంపారు. ఆమె రాజీనామా చేశారు. రెండేళ్ల తర్వాత అదే మద్రాసు నుంచి అదే మేఘాలయకు జస్టిస్ సంజీబ్ బెనర్జీ వెళ్లారు. మధ్యప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తిగా సిఫార్సు అయిన జస్టిస్ అకిల్ ఖురేషీ ఫైలును కేంద్రం నెలల తరబడి కదపలేదు. చివరకు కొలీజియమే సిఫార్సు మార్చి త్రిపురకు పంపింది. 2020 ఫిబ్రవరి 26న ఢిల్లీ అల్లర్ల వేళ విద్వేష ప్రసంగాలపై పోలీసులను నిలదీసిన జస్టిస్ ఎస్. మురళీధర్ బదిలీ ప్రకటన ఆ రాత్రే వెలువడింది. కొలీజియం సిఫార్సు అంతకు రెండు వారాల ముందరిదేనని ప్రభుత్వం అంది. అది నిజం కూడా. అదే న్యాయమూర్తిని 2022లో మద్రాసు ప్రధాన న్యాయమూర్తిగా పంపాలని కొలీజియం సిఫార్సు చేస్తే మాత్రం ఫైలు ఎక్కడిదక్కడే ఉండిపోయింది, కొలీజియం దాన్ని వెనక్కి తీసుకుంది. ఒక సిఫార్సు అర్ధరాత్రి అమలు కావడం, మరొకటి ఆరు నెలలైనా కదలకపోవడం. కలం కొలీజియం చేతిలోనే ఉన్నా గడియారం ప్రభుత్వం దగ్గర ఉంది.

తెలుగు రాష్ట్రాలకు ఈ అనుభవం దూరపుదేమీ కాదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జె.కె. మహేశ్వరిని సిక్కింకు, సిక్కిం ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ అరూప్ గోస్వామిని ఆంధ్రప్రదేశ్‌కు సిఫార్సు చేశారు. తెలంగాణ నుంచి జస్టిస్ ఆర్.ఎస్. చౌహాన్ ఉత్తరాఖండ్‌కు వెళ్లారు. అంతకు రెండు నెలల ముందు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి భారత ప్రధాన న్యాయమూర్తికి రాసిన ఫిర్యాదు లేఖ బహిరంగమై ఉంది. బదిలీకీ లేఖకూ సంబంధం ఉందని చెప్పే ఆధారం లేదు. లేదని చెప్పే కారణమూ ఎవరూ రాయలేదు. అసలు చిక్కు అక్కడే. కారణం రాసి ఉంటే వదంతికి తావుండేది కాదు. మహేశ్వరి తర్వాతి ఏడాదే సుప్రీంకోర్టుకు వెళ్లారు గనుక ఆ బదిలీ శిక్ష కాదని కొందరంటారు. శిక్షో సన్మానమో ఎనిమిది నెలలు ఆగితే గాని తెలియని ఉత్తర్వును ఏమనాలి?

2022 నవంబరులో తెలంగాణ న్యాయవాదులు విధులు బహిష్కరించారు. జస్టిస్ అభిషేక్ రెడ్డిని పట్నాకు పంపుతారన్న వార్త అందుకు కారణం. అదే వారంలో గుజరాత్ న్యాయవాదులు జస్టిస్ నిఖిల్ కరియేల్ బదిలీ వార్తపై రోడ్డెక్కారు. నవంబరు 24న తీర్మానం వచ్చేసరికి కరియేల్ పేరు లేదు, అభిషేక్ రెడ్డి పేరు ఉంది. తేడా ఎందుకో ఎవరూ చెప్పలేదు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, 1977లో సమ్మతి అక్కరలేదని రాసిన న్యాయమూర్తి కుమారుడు. జబల్‌పూర్ కేసులో తండ్రి రాసినది తప్పని 2017లో ధైర్యంగా రాసిన కుమారుడే. సేఠ్ కేసు జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

బదిలీలు అసలు వద్దనడం తేలిక, సరికాదు. ఒక హైకోర్టులో ఇరవై ఏళ్లు వకాలతు చేసి అక్కడే న్యాయమూర్తి అయినవారి బంధువులు, జూనియర్లు అదే కోర్టులో వాదిస్తూ ఉండటం నిజమైన జబ్బు. లా కమిషన్ 2009లో ఈ సంగతి ఎత్తింది. ప్రధాన న్యాయమూర్తి బయటి రాష్ట్రం వారై ఉండాలన్న పద్ధతి వెనక మంచి వివేకం ఉంది. కాని ఆ జబ్బుకు మందు నియమం, ఎంపిక కాదు. నియామకం నాడే తెలిసిన షరతుగా, అందరికీ వర్తించేలా, ఇన్నేళ్లకొకసారి అని బదిలీ ఉంటే దానిలో ఎవరి కోపమూ ఇమడదు. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడికి అన్న మూడింటినీ గుట్టుగా తేల్చే స్వేచ్ఛ ఉన్నప్పుడే అది కొరడా అవుతుంది. తీవ్రమైన ఆరోపణ వచ్చిన న్యాయమూర్తిని వేరే రాష్ట్రానికి పంపడం ఇంకా అన్యాయం. ఆరోపణ నిజమైతే ఆ రాష్ట్రపు కక్షిదారులు ఏం పాపం చేశారు? తమ కోర్టు చెత్తబుట్ట కాదని 2025 మార్చిలో అలహాబాద్ న్యాయవాదులు ఎదురుతిరిగింది అందుకే.

సమ్మతి షరతు ఉంటే అన్నీ చక్కబడతాయన్న భ్రమ కూడా అక్కరలేదు. పాకిస్తాన్ రాజ్యాంగం 200వ అధికరణంలో హైకోర్టు న్యాయమూర్తి బదిలీకి సమ్మతి తప్పనిసరి అని స్పష్టంగా రాసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో అక్కడ ముగ్గురు న్యాయమూర్తులను, వారి సమ్మతితోనే, ఇస్లామాబాద్ హైకోర్టుకు తెచ్చారు. వారిలో ఒకరు వస్తూనే సీనియర్‌గా, ఆపై తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా ఎదిగారు. అంటే బదిలీ వెళ్లినవారిని కాక, అక్కడ అప్పటికే ఉన్నవారిని వెనక్కి నెట్టింది. అయిదుగురు ఇస్లామాబాద్ న్యాయమూర్తులు సుప్రీంకోర్టుకు వెళ్లి 3:2తో ఓడిపోయారు. నవంబరులో 27వ సవరణ ఆ సమ్మతి షరతునే తీసేసింది. మన దగ్గర 1976లో ఆచారాన్ని దాటి చేసిన పనిని అక్కడ రాజ్యాంగాన్నే దిద్ది చేశారు.

అది సైన్యం నీడలోని దేశం, మనకు పోలిక లేదనేవారు 2025 అక్టోబరు 14 నాటి కొలీజియం ప్రకటనను ఒకసారి చదవాలి. మధ్యప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ అతుల్ శ్రీధరన్ నాయకత్వంలోని ధర్మాసనం, సైనికాధికారిణి సోఫియా ఖురేషీపై వ్యాఖ్యలు చేసిన రాష్ట్ర మంత్రి మీద కేసు నమోదు చేయమని ఆ మే నెలలో తనంతట తానుగా ఆదేశించింది. ఆగస్టులో కొలీజియం ఆయనను ఛత్తీస్‌గఢ్‌కు సిఫార్సు చేసింది. అక్కడ ఆయన సీనియారిటీలో ముందు వరుసలో, హైకోర్టు కొలీజియంలో ఉండేవారు. అక్టోబరులో ఆ సిఫార్సు అలహాబాద్‌కు మారింది. అక్కడ ఆయన స్థానం చాలా కింద. ఎందుకు మార్చారో ఈసారి కొలీజియం దాచలేదు. ప్రభుత్వం పునఃపరిశీలన కోరిన మీదట అని ప్రకటనలోనే రాసింది. ప్రభుత్వం ఏ కారణంతో కోరిందో, ఆ కారణం న్యాయమూర్తులకు ఎందుకు నచ్చిందో అందులో లేదు.